సీటు ఖాళీగా ఉందని తొందరపడొద్దు తమ్ముడూ

అనంతపురం నుంచి ఒక తమ్ముడు రాసినాడు, కొంచెం కుదించి పెడతాండా:

"అన్నా నమస్తే. ఆరేళ్లు బెంగళూరులో మాడ్యులర్ కిచెన్ల కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌గా చేసి రెండేళ్ల కింద ఊరికి వచ్చేసినా. కళ్యాణదుర్గం రోడ్డులో చిన్న షెడ్డు తీసుకుని సొంతంగా కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేస్తాండా. ఇప్పటిదాకా 11 ఇళ్లు చేసినా, ఎవరూ చెడ్డగా చెప్పలేదు. కానీ ఈ మూడు నెలల్లో ఒకే ఒక్క పని వచ్చింది. ఫ్రెండు ఒకడు బిజినెస్ రిఫరల్ గ్రూపు (మెంబర్లు ఒకరికొకరు కస్టమర్లను పంపించుకునే గ్రూపు) మీటింగుకి పిల్చుకపోయినాడు, బుధవారం పొద్దున 7 గంటలకి ఒక హోటల్లో, 30 మంది దాకా ఉన్నారు. మాడ్యులర్ కిచెన్ సీటు ఖాళీ ఉంది, ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు, ఈ వారంలో కట్టేస్తే నీకే అన్నారు. ఏడాదికి జీఎస్టీతో కలిపి 40 వేలు, వారం వారం హాలుకి టిఫినుకి 500. మా ఇంటామె ఏమో ఆ డబ్బు ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్‌కి (చెక్క అంచులకి పట్టీ అంటించే మిషన్) పెట్టుకో అంటాంది. చేరాలా వద్దా? చేరితే అక్కడ కమీషన్లు అడుగుతారా?"

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తా, ఈ వారం కట్టొద్దు. ఎప్పటికీ చేరొద్దని అనడం లేదు, ఈ వారం మాత్రం వద్దు. నాది కర్నూల్లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు, ఇట్లాంటి గ్రూపులోనే నాలుగేళ్లు ఉన్నా, దాంట్లో నాకు బాగా దగ్గరైన మనుషులు ఉన్నారు, వాళ్ల వల్ల వచ్చిన కస్టమర్లు ఇప్పటికీ నా దగ్గరే కొంటారు, అట్లనే అక్కడ ఒక దెబ్బ కూడా తిన్నా, అది కింద చెప్తా.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు రోటరీ క్లబ్ మొదలుపెట్టినప్పుడు కూడా ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకునేవాళ్లు, వంతులవారీగా ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో కూర్చునేవాళ్లు కాబట్టే దానికి రోటరీ అని పేరు. తర్వాత అది సేవా సంస్థ అయిపోయింది. వ్యాపారం ఇచ్చిపుచ్చుకోవడం కోసమే అని 1985లో కాలిఫోర్నియాలో ఐవాన్ మైస్నర్ బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) పెట్టినాడు, ఇప్పుడు వేరే పేర్లతో నడిచే గ్రూపులు కూడా చాలావరకు ఆ తరహాలోనే నడుస్తాయి: వారానికో మీటింగు, పొద్దున్నే, ఒక వృత్తికి ఒక్క సీటు, అందరూ నిలబడి ఒక్కో నిమిషం మాట్లాడ్డం, ఎవరికి ఏ రిఫరల్ ఇచ్చినామో చెప్పడం, వచ్చిన వ్యాపారానికి థాంక్స్ చెప్పడం. వాళ్ల మూలసూత్రం గివర్స్ గెయిన్ అంటారు. మన ఆడవాళ్లు నోముల్లో ఇస్తినమ్మ వాయనం పుచ్చుకుంటినమ్మ వాయనం అంటారే, అదే అనుకో. ముందు ఇచ్చేది, పుచ్చుకునేది తర్వాత.

ఇంగ సీటు సంగతి. ఇంకొకాయన అడుగుతున్నాడు అనేది నిజమే కావచ్చు, ఉత్త మాట కూడా కావచ్చు, నీకు తెలీదు, నాకూ తెలీదు. ఒకవేళ నిజమే అయినా ఆ సీటు వల్ల నీకు ఏం వస్తుందో ఇంగా తెలీనప్పుడు అది పోతే ఏం పోయినట్టు? మామూలుగా ఇట్లాంటి చోట విజిటర్‌గా రెండు సార్లు రానిస్తారు. ఒకసారి పోయినావు, ఇంగోసారి పోతానని చెప్పు. రెండో సారి పోయినప్పుడు స్టేజీ మీద ఏం జరుగుతాందో చూడొద్దు, చప్పట్లు ఎక్కువ ఉంటాయి, తల తిరిగిపోతుంది. కుర్చీల్లో కూర్చున్నోళ్లను చూడు. ఆ 30 మందిలో నీ కస్టమర్‌ని నీకంటే ముందు కలిసేది ఎవరు? అదొక్కటే లెక్క.

నీ పని గురించి నీకు నేను చెప్పేదేముంది, కానీ నా షాపు కౌంటర్ దగ్గర నుంచి చూసింది చెప్తా. ఇల్లు కట్టుకునేవాడు కిచెన్ గురించి ఆలోచించే లోపలే సగం నష్టం జరిగిపోయుంటాది. మేస్త్రీ అప్పటికే ఇటికెలు పెట్టి కడప బండ పరిచి వంటగట్టు కట్టేసి ఉంటాడు, ఎలక్ట్రీషియన్ పైపులన్నీ గోడలో పూడ్చేసి ఉంటాడు, చిమ్నీకి పాయింటు ఉండదు, వాటర్ ఫిల్టరుకి పాయింటు ఉండదు, ఫ్రిజ్ పాయింటు తీస్కపోయి తలుపు వెనకాల ఇచ్చుంటాడు. అప్పుడు నీలాంటోడు టేపు పట్టుకుని వచ్చి, సార్ ఈ గట్టు పగలగొట్టాలి, ఈ గోడ కట్టర్‌తో కోయాలి అంటే ఆ ఇంటాయనకి ఎట్ల ఉంటాది? పెయింటింగు కూడా అయిపోయిన గోడ అది. నీ మీద కోపం రాదు గానీ, ఈ మాడ్యులర్ గీడ్యులర్ వద్దులేప్పా, మామూలు కార్పెంటర్‌తో రెండు తలుపులు పెట్టించుకుంటాం అంటాడు. నా షాపుకి స్విచ్ బోర్డుల కోసం వచ్చేవాళ్లలో ఇట్లాంటి పంచాయితీలు నేను ఎన్నో విన్నా.

అంటే నీకు కావాల్సినోడు గోడలు లేసి ప్లాస్టరింగు కాకముందు ఆ ఇంట్లో కాలు పెట్టేవాడు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, ప్లాన్ గీసే ఇంజినీరు, హోమ్ లోన్ చూసే మనిషి, టైల్స్ షాపు ఆయన, తాడిపత్రి నుంచి గ్రానైట్ తెప్పించి వేసేవాడు, బోరు వేసేవాడు కూడా. ఈ ఆరుగురిలో ఆ గ్రూపులో కనీసం నలుగురు ఉంటే, వాళ్లు నిజంగా పని మీద ఉన్నవాళ్లైతే, అప్పుడు ఆలోచించు. అట్ల కాకుండా గదిలో ముగ్గురు ఇన్సూరెన్స్ వాళ్లు, సప్లిమెంట్లు అమ్మేవాళ్లు ఇద్దరు, డిజిటల్ మార్కెటింగు పిల్లోళ్లు, ట్రావెల్స్ ఆయన, యోగా మేడం ఉన్నారనుకో, వాళ్లంతా మంచోళ్లే, ఎవరినీ తక్కువ చేయడం లేదు, కానీ వాళ్లకి నీ కస్టమరు కనపడేది చుట్టాల ఇంటి గృహప్రవేశంలోనే, అప్పటికి అక్కడ నీ పని ఇంగొకడు చేసేసి ఉంటాడు.

ఇంకొకటి కూడా అడిగి తెలుసుకో. అక్కడ ఇంటీరియర్ డిజైనర్ సీటులో ఎవరన్నా ఉన్నారా? ఉంటే కిచెన్ రిఫరల్ వచ్చినప్పుడు అది ఎవరికి పోతాది, ఆయనకా నీకా? చాలామంది ఈ మాట అడక్కుండానే చేరిపోతారు, తర్వాత లోపల మొహాలు మాడ్చుకోని కూర్చుంటారు. చేరకముందే కమిటీ ముందు ఆయన ఎదురుగానే అడుగు, తప్పేం లేదు.

ఇంగ మన అనంతపురంలో ఒక విషయం ఉంది, నీకు తెలిసే ఉంటాది. ఇక్కడ కట్టే కొత్త ఇళ్లలో చానా వాటికి డబ్బు బెంగళూరు నుంచి వస్తాది. కొడుకు అక్కడ సాఫ్ట్‌వేరు, ఇక్కడ అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తాంటాడు, శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. నాన్న సిమెంటు లెక్కలు చూసుకుంటాడు, కిచెన్ ఏది అనేది మాత్రం కొడుకు, కోడలు ఫోన్లో తేలుస్తారు, అక్కడి షోరూముల్లో చూసొచ్చి. నువ్వు ఆరేళ్లు అక్కడే పని చేసినోడివి, ఆ షోరూములో చెప్పే మాట నీకు తెలుసు, ఆ రేటు నీకు తెలుసు, అదే క్వాలిటీ ఇక్కడ ఉండే మనిషి చేసి ఇచ్చి, తర్వాత ఏదన్నా ఊడితే సాయంత్రానికి వచ్చి బిగిస్తాడు అనేది నీకున్న పెద్ద బలం. బుధవారం పొద్దున ఆ హోటల్లో కూర్చున్నోళ్లకి ఈ బెంగళూరు పిల్లోళ్లు ఎంతమంది తెలుసు అని కూడా చూసుకో.

ఇప్పుడు డబ్బు లెక్క వేద్దాం. 40 వేలు ఫీజు, వారానికి 500 అంటే 52 వారాలకి 26 వేలు, మొత్తం 66 వేలు. నీకు ఒక కిచెన్ సగటున రెండున్నర లక్షలు అనుకుంటే, అందులో ప్లై, హార్డ్‌వేరు, కూలీ, షెడ్డు బాడుగ అన్నీ పోను నికరంగా 15 శాతం మిగిలితే 37,500. అంటే రెండు కిచెన్లు వస్తే గానీ నీ ఖర్చు నీకు రాదు, మూడోదాని నుంచే చెప్పుకోదగ్గ లాభం. ఏడాదికి మూడు కిచెన్లు ఇప్పించగలిగే గదేనా అది? ఇంగ నువ్వు జీఎస్టీలో కంపోజిషన్ కింద (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ ఫీజులో కలిసున్న 18 శాతం పన్ను ఇన్‌పుట్‌గా తిరిగి రాదు, ఆ 40 వేలూ పూర్తిగా ఖర్చే. టైము లెక్క డబ్బు కంటే పెద్దది. మీటింగు గంటన్నర అంటారు, పోయి రావడం, ముందు వెనక మాటలు కలిపి మూడు గంటలు, ఏడాదికి 156 గంటలు, రోజుకి 8 గంటల చొప్పున దాదాపు 20 పని దినాలు. ఇది కాకుండా ఒక్కొక్క మెంబర్‌తో విడిగా కూర్చోవాలి, వన్ టు వన్ అంటారు, అసలు పని జరిగేది అక్కడే, దాన్ని ఎగ్గొట్టి మీటింగుకి మాత్రం పోతే ఏం లాభం ఉండదు. హాజరు విషయంలో కూడా గట్టిగా ఉంటారు, బీఎన్ఐ లాంటి చోట ఆరు నెలల్లో మూడు గైర్హాజర్ల దాకానే ఒప్పుకుంటారు, రాలేకపోతే నీ బదులు ఎవరినన్నా పంపాలి. నువ్వు సొంతంగా సైటులో నిలబడి ఫిట్టింగు చేయించేవాడివి, బుధవారం పొద్దున 10 దాకా నీ పనోళ్లు నువ్వు లేకుండా సరిగ్గా చేస్తారా అనేది నీకే తెలియాలి.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ చెప్తా. గ్రూపులో చేరిన రెండో ఏడు, వారం వారం స్లిప్పులు రాయాలి, ఎన్ని రిఫరల్స్ ఇచ్చినామని లెక్క చదువుతారు, సున్నా అని చదివితే అందరి ముందు చిన్నతనంగా ఉంటాది. మా గ్రూపులో ఫాల్స్ సీలింగు చేసేవాడు ఒకడు ఉన్నాడు, బాగా మాట్లాడతాడు, అతను చేసిన పని నేను ఒక్కటి కూడా కండ్లతో చూసింది లేదు, ఫోన్లో ఫోటోలు చూసినా అంతే. నా షాపుకి ఏండ్ల తరబడి వచ్చే రిటైర్డ్ టీచర్ సారు ఒకాయన హాల్లో సీలింగు చేయించాలి అంటే ఇతని నంబరు ఇచ్చి, మనోడే సార్, నేను చెప్తా అన్నా. ఆ ఒక్క మాట అన్నా అంతే. అతను 60 శాతం అడ్వాన్సు తీసుకున్నాడు, చట్రం బిగించినాడు, తర్వాత నెలన్నర రాలేదు. సారు నాకు ఫోన్ చేయలేదు, ఒకరోజు సాయంత్రం షాపుకి వచ్చి ఒక 9 వాట్ల బల్బు తీసుకుని, డబ్బులిచ్చి, చిల్లర జేబులో పెట్టుకుంటా, "నీ మాట మీద ఇచ్చినాను నాయనా" అన్నాడు. గొంతు పెంచలేదు, ఇంగేం అనలేదు. నాకు ఆ రాత్రి అన్నం పోలేదు. వేరే పనోళ్లను పెట్టి నా చేతి డబ్బుతో ఆ సీలింగు పూర్తి చేయించినా, సారు వద్దు వద్దంటానే ఉన్నాడు. డబ్బు పోయింది పోయింది, కానీ ఆయన నా షాపుకి వచ్చేటప్పుడు ముందున్నంత చనువుగా రాలేదు ఇంగ.

ఇది నీకు ఎందుకు చెప్తాండానంటే, రిఫరల్ ఇచ్చేవాడు నీకు ఇచ్చేది ఫోన్ నంబరు కాదు తమ్ముడూ, తన మాట ఇస్తాండాడు. నీకు ఎవరన్నా స్లిప్పు ఇస్తే మొదట అడగాల్సింది, "నేను ఫోన్ చేస్తానని వాళ్లకి చెప్పినారా అన్నా?" అని. చెప్పినా అంటే అది రిఫరల్. లేదులే, నువ్వు చెయ్ నా పేరు చెప్పు అంటే అది లెక్క కోసం రాసిన కాగితం, నువ్వు ఫోన్ చేస్తే అవతలోడు మీటింగులో ఉన్నా అని పెట్టేస్తాడు. నువ్వు కూడా ఇంగొకరికి ఇచ్చేటప్పుడు వాళ్ల పని ఒక్కసారన్నా పోయి చూసిరా, సున్నా అని చదివినా పర్వాలేదు.

కమీషన్ల గురించి అడిగినావు. పద్ధతిగా నడిచే గ్రూపుల్లో రిఫరల్‌కి కమీషన్ తీసుకోకూడదు, తిరిగి రిఫరల్ ఇవ్వడమే దానికి బదులు. బయట మన లైన్లో మేస్త్రీకింత, ఇంజినీరుకింత అని నడుస్తాంటాదని నాకూ తెలుసు, దాన్ని నువ్వు ఒక్కడివి ఆపలేవు. కానీ గ్రూపులో ఎవరన్నా పక్కకి పిలిచి 5 శాతం చూసుకో అంటే, నవ్వుతానే, అన్నా నేను ఆ 5 శాతం రేటులో కలపాల్సి వస్తాది, రేపు మీ చుట్టాలకి తెలిస్తే ఇద్దరికీ బాగుండదు అని చెప్పేయ్. అక్కడ ఒకరిద్దరు అట్ల అడిగినారంటే సరే, అందరూ అదే తంతు అయితే లేచి వచ్చేయ్.

ఒకవేళ చేరినావనుకో, ఆ ఒక్క నిమిషం మాట ఎట్ల చెప్పాలో కూడా చెప్తా, ఎందుకంటే అందరూ అక్కడే పాడు చేసుకుంటారు. "కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్లు, పూజ మందిరాలు అన్నీ చేస్తాం, నాణ్యతే మా ప్రత్యేకత" అని చెప్తే 30 మందిలో ఒక్కనికి కూడా ఎవరూ గుర్తుకు రారు. దాని బదులు, "ఈ నెలలో మీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఇల్లు కడతాంటే, గోడలు లేసి ఇంగా ప్లాస్టరింగు కాకపోతే, నన్ను ఒక్కసారి పంపండి, డబ్బులేమీ వద్దు, చిమ్నీ, ఫిల్టరు, ఫ్రిజ్ పాయింట్లు ఎక్కడ రావాలో గోడ మీద సుద్దముక్కతో గీసి వస్తా, కిచెన్ నా దగ్గర చేయించుకోకపోయినా పర్వాలేదు" అని చెప్పు. విన్నోనికి అప్పుడు బళ్లారి రోడ్డులో ఇల్లు కడతాన్న బామ్మర్ది టక్కున గుర్తుకొస్తాడు. సుద్దముక్క జేబులో పెట్టుకోని పో, మాట్లాడేటప్పుడు చేతిలో పట్టుకో, నెల తర్వాత నిన్ను సుద్దముక్కాయన అనే గుర్తుపెట్టుకుంటారు, అది మంచిదే.

చేరిన మూడు నెలల్లో ఏం రాలేదని బాధపడేవాళ్లు కూడా ఉంటారు. చీటీలో ఐతే నెల నెలా కడితే ఎప్పుడో ఒకప్పుడు పాట నీకొస్తాది, ఇక్కడ ఆ గ్యారంటీ లేదు. పైగా నీ పనిలో గోడ లేసినప్పటి నుంచి కిచెన్ దాకా ఆరు నెలలు పట్టొచ్చు, మధ్యలో ఆషాఢం, మూఢం వస్తే గృహప్రవేశాలు ఆగుతాయి, దాంతో పాటు నీ పనీ ఆగుతాది. ఈ మూడు నెలల్లో నీకు పని రాకపోవడంలో కూడా దాని వాటా ఎంత అనేది క్యాలెండరు పెట్టుకోని ఒకసారి చూడు. ఏడాది పాటు రూపాయి రాకపోయినా ఇల్లు గడిచే పరిస్థితి ఉంటేనే చేరాలి, అప్పు తెచ్చి మాత్రం వద్దు, అప్పు చేసి కట్టినోడు ప్రతి మనిషినీ ఆశగా చూస్తాడు, ఎదుటోడు అది కనిపెట్టేస్తాడు.

ఇంగ మీ ఇంటామె చెప్పిన మాట. ఆ తల్లి చెప్పిందే ముందు చెయ్యాల్సిన పని అని నాకు అనిపిస్తాంది. ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్ లేదంటే ఇప్పుడు నువ్వు అంచులకి చేత్తో గమ్ము పూసి, ఇస్త్రీపెట్టెతోనో చేత్తోనో అద్ది, బ్లేడుతో చెక్కుతాండావని అర్థం. షెడ్డులో బాగుంటాది, ఫోటోలో ఇంగా బాగుంటాది. సింకు కింద తలుపు మాత్రం రోజూ నీళ్లు తాగుతాది, ఒక వానాకాలం పోయేసరికి మూల దగ్గర ఆ పట్టీ లేస్తాది, లోపలికి తడి పోయి చెక్క ఉబ్బుతాది. అది చూసేది నీకు ఆ ఇల్లు చూపించిన మనిషి కూడా, ఆ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు. నాకు ఆ సీలింగు ఎట్లనో, ఆయనకి ఆ తలుపు అట్ల అయితాది. 11 ఇళ్లలో ఎవరూ చెడ్డగా చెప్పలేదు అన్నావు, మనవాళ్లు మొహం మీద చెడ్డగా ఎందుకు చెప్తారు, ఊరుకుంటారు, ఇంగొకరికి చెప్పకుండా ఊరుకుంటారు.

అందుకని ఈ ఆదివారం మొట్టమొదట చేసిన ఇంటికి ఫోన్ చెయ్, రెండేళ్లయింది అక్కా, హింజెస్ బిగించి పోతా, డబ్బులేం వద్దు అని చెప్పు. స్క్రూడ్రైవరు, గమ్ము డబ్బా తీస్కపో. సింకు కింద తలుపు తెరిచి కింది అంచు మీద గోరు పెట్టి చూడు, లేచిందా లేదా అని. లేచుంటే అక్కడికక్కడే సరిచెయ్, నీట్‌గా ఉంటే ఒక ఫోటో తీసుకో, ఇల్లు కట్టుకునేవాళ్లు చుట్టుపక్కల ఎవరన్నా ఉన్నారా అక్కా అని అడుగు. ఆమెకి పక్కన రెండు ప్లాట్లు అవతల పునాది తీస్తాన్న సంగతి కూడా తెలిసుంటాది. 11 ఇళ్లూ ఇట్ల తిరిగి రా, రెండో మీటింగుకి కూడా పోయి రా, ఆ గదిలో ఎవరెవరు ఏ పని చేస్తారో ఒక కాగితం మీద రాసి నాకు పంపు, అప్పుడు ఆ 66 వేల సంగతి ఇద్దరం కూర్చోని తేలుద్దాం.